గీతతలలు, చుక్కతలలు, ఒక పొడుగు మీసం

చేపల్లో నాకు తెలిసిన జాతులు రెండే: ముళ్ళు ఎక్కువున్నవి, తక్కువున్నవి. ఆ తేడా కూడా గొంతులో గుచ్చుకున్నాక గానీ తెలియదు. అలాంటివాణ్ణి నేను చేపజాతుల మీద కథ చెప్పడమంటే ఈత రానివాడు ఏటి లోతు చెప్పడమే. అయినా చెబుతాను. లోతు గురించి ఎక్కువ మాట్లాడేది ఎప్పుడూ గట్టు మీదున్నవాడే కదా!

వీరబాబు సెలూన్‌లో ఒక గాజు తొట్టి ఉంది. క్షవరం చేయించుకునేంత జుట్టు నాకు లేదు గనక నేను అక్కడికి పేపరు కోసం వెళ్తాను. పేపరు అడ్డం పెట్టుకుని తొట్టిలోకి చూస్తాను. చూసింది కొంత, చూడనిది చాలా కలిపితే ఈ కథ.

తొట్టిలో పైన తిరిగేది ఒక ఏంజెల్ చేప. ఒళ్ళు పలకలా బల్లపరుపుగా ఉంటుంది, రెక్కలు ఉత్తరీయంలా వేలాడుతుంటాయి. అందరికంటే పెద్దది, అందరికంటే తక్కువ పని చేసేది. అందుచేత తొట్టికి పెద్దమనిషి అదే. మిగతా చేపలు "పలకాయన" అంటాయి.

అడుగున ఇసకలో తిరిగేవి కోరీలు. బొటనవేలంత చేపలు. మూతికి మీసాలు, ఒంటికి పెంకుల చొక్కా, ఒళ్ళంతా నల్లచుక్కలు. మిగిలిపోయిన మేత ఏరుకు తింటూ ఒకళ్ళ జోలికి పోకుండా బతికే జాతి. వాళ్ళకి ఒక ఆచారం ఉంది. ఉండుండి నీటి పైకి లేచి ఒక గుక్క గాలి మింగి దిగుతారు. ఒక్కళ్ళు లేస్తే అందరూ లేవాల్సిందే. ఎందుకని అడిగితే "వాళ్ళు లేచారు కదండీ" అంటారు.

సెలూన్లో కాపురం గనక ఆ చేపలకి అనుమానం ఎక్కువ. తెల్లతలతో లోపలికొచ్చినాయన నల్లతలతో వెళ్ళడం చూశాయి. గుబురు మీసంతో కూర్చున్నాయన బోడిమూతితో లేవడం చూశాయి. దానితో కంటికి కనపడేది ఏదీ నిజం కాదనీ, దాని వెనక వీరబాబు చెయ్యి ఉంటుందనీ వాటికి గట్టి నమ్మకం.

అలాంటి తొట్టిలోకి ఒక జెల్లపిల్ల వచ్చి పడింది.

తొట్టికి పచ్చదనం ఉండాలని వీరబాబు పంటకాలవలోంచి గుప్పెడు నాచు తెచ్చి వేశాడు. నాచులో చుట్టుకుని జెల్లపిల్ల దిగింది. అప్పుడది కోరీలంతే ఉంది. మూతికి మీసాలున్నాయి. వీరబాబు ఒకసారి వంగి చూసి, "మీసాలున్నాయి, ఆ జట్టుదే" అనుకుని బ్లేడు మార్చుకోడానికి వెళ్ళిపోయాడు.

జెల్లపిల్లా ఆ మాటే పట్టుకుంది.

"నా పేరు రాయుడు. మీవాణ్ణే. ఊరు వేరు, ఇంటిపేరు ఒకటే," అన్నాడు.

కోరీలు చుట్టూ తిరిగి చూశాయి.

"మీసం బాగా పొడుగ్గా ఉందేంటయ్యా?" అన్నాడు ముసలి భద్రయ్య.

"పెద్దింటి మీసం, బాబాయ్."

"మరి ఒంటిమీద పెంకుల్లేవేం?"

"ప్రయాణంలో అరిగిపోయాయి."

"వీరబాబు గీకేశాడేమో," అంది వెనకనుంచి ఎవరో. అది మాత్రం అందరికీ నమ్మబుద్ధేసింది.

అలా రాయుడు కోరీల్లో కలిసిపోయాడు. వేళకి మేత, పక్కన జనం. రోజులు గడిచేకొద్దీ ఒళ్ళు చేశాడు.

ఇంతలో మాణిక్యం గుడ్లు పెట్టింది. మాణిక్యమంటే కోరీల్లో నెమ్మదైన పిల్ల. కిందటిసారి పెట్టిన గుడ్లన్నీ తెల్లబూజు పట్టి పాడైపోతే మేత కూడా ముట్టకుండా ఇసకలో మొహం దూర్చుకుని పడుంది. ఈసారి ముందువైపు గాజుకి, శుభ్రమైన చోటు చూసి, ఒక్కొక్కటే అంటించింది. అన్నీ నిగనిగలాడుతున్నాయి. కొన్నిటిలో నల్లటి కంటిచుక్క కూడా కనపడుతోంది. ఇంక పిల్లలు బయటపడ్డమే తరువాయి.

గాలిగుక్కకి వెళ్ళొచ్చి చూసుకుంటే గుడ్లు తగ్గాయి.

"సూరీడొదినా! నా గుడ్లు తగ్గిపోయాయి!"

సూరీడమ్మ ఆమెకి ప్రాణస్నేహితురాలు. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. "సరిగ్గా చూసుకోవే. కొన్ని గాజుకి అవతలి పక్క అంటించావేమో."

"అవతలి పక్క ఎలా అంటిస్తాను, సెలూన్లోకి నడిచెళ్ళా?"

తొట్టంతా గగ్గోలైపోయింది. పలకాయన రెక్కలు సర్దుకుని కిందికి దిగాడు. ఆయనకి ఇలాంటి తగవులు తీర్చడం మహా ఇష్టం. మేతకంటే ఇష్టం.

"దొంగని పట్టడం చిటికెలో పని," అన్నాడు. అందరినీ వరసగా నిలబెట్టి, ఉన్నట్టుండి గట్టిగా, "అదిగో! గుడ్లు తిన్నవాడి మీసానికి గుడ్డుముక్క అంటుకునుంది!" అని అరిచాడు.

ఆయన లెక్క ప్రకారం దొంగ ఒక్కడే మీసం తుడుచుకోవాలి. కానీ అవతల ఉన్నవాళ్ళు కోరీలు. భద్రయ్యకి సరిగ్గా అప్పుడే మూతి దురదేసి ఇసకలో రుద్దుకున్నాడు. ఒక్కళ్ళు రుద్దుకుంటే ఇంకేముంది, మొత్తం జట్టంతా మూతులు ఇసకలో పెట్టి రుద్దేసింది. కన్నతల్లి మాణిక్యం కూడా రుద్దుకుంది.

కదలకుండా నిలబడ్డది ఒక్క రాయుడు.

"చూశారుగా అయ్యగారూ," అన్నాడు మీసం పైకెత్తి. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నారు. నేనొక్కణ్ణే నిలబడ్డాను."

పలకాయన నోరు తెరిచాడు, మూశాడు. చేపలు ఎప్పుడూ చేసే పనే అయినా ఈసారి ఆశ్చర్యంతో చేశాడు. "అయితే దొంగ ఎవరంటావు?"

"మీరు అడిగారు గనక చెబుతున్నాను. ఇది బయటికొచ్చే మాట కాదు." రాయుడు గొంతు తగ్గించాడు, అందరికీ వినపడేంత మేరకే తగ్గించాడు. "ఇక్కడున్నది ఒక జాతి కాదండి. రెండు."

"రెండేంటి?" అంది సూరీడమ్మ.

"తల మీద చూసుకోండమ్మా. కొందరికి చుక్కలు విడివిడిగా ఉన్నాయి. కొందరికి చుక్కలు ఒకదాంతో ఒకటి కలిసి గీతలయ్యాయి. చూడ్డానికి ఒక్కలాగే ఉంటారు. అమ్మేవాడికీ తెలీదు, కొన్నవాడికీ తెలీదు. చుక్కతల వేరు, గీతతల వేరు. ఒక జాతి గుడ్లు ఇంకో జాతికి పలహారం!"

కోరీలు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నాయి. అంతవరకు తల మీద ఏముందో ఎవరికీ పట్టలేదు. చేపకి తన తల తనకి కనపడదు. పక్కవాణ్ణి అడగాలి. పక్కవాడే దొంగైతే?

అక్కడ అద్దం పని పడింది. కటింగయ్యాక వెనక జుట్టు చూపించడానికి వీరబాబు దగ్గర ఒక చేతి అద్దం ఉంటుంది. పని లేనప్పుడు దాన్ని తొట్టి పక్కగోడకి ఆనించి పెడతాడు. అది కాస్త వాలి ఉండడంతో గాజు దగ్గరికెళ్ళి ఒంగితే నడినెత్తి కనపడుతుంది. కోరీలన్నీ అక్కడ వరస కట్టాయి. అచ్చం ఆదివారం సెలూన్లో జనంలాగే.

"తరవాతెవరు?"

"తోసుకోకండెహె! నా తల ఇంకా తేలలేదు."

"నాది గీతా, చుక్కా? ఈ మసకలో ఆనట్లేదు, కాస్త చెప్పు రాయుడూ."

"గీత," అనేవాడు రాయుడు. "నీది చుక్క. నీది గీత. నీదా... ఏదీ ఒంగు. చుక్క."

మాణిక్యానిది గీతతల అని తేలింది. సూరీడమ్మది చుక్కతల.

"నీ చుక్కలు పుట్టుకతోనే వచ్చాయా, వీరబాబు బ్రష్షుతో పెట్టించుకున్నావా?" అంది ఒక గీతతల.

"మీ గీతలు మాత్రం? రంగు కారి కలిసిపోయిన చుక్కలే కదా అవి!" అంది సూరీడమ్మ.

భద్రయ్య ఒంగాడు. ఆయన తల మీద సగం చుక్కలు విడిగా ఉన్నాయి, సగం కలిసిపోయాయి. గీతతలలు మావాడు కాదన్నారు. చుక్కతలలు అసలే కాదన్నారు. ఆయన వెళ్ళి బుడగలు వదిలే ప్లాస్టిక్ కప్ప పక్కన ఒంటరిగా కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే, "మరి రాయుడూ, నీ తల మీద ఏమీ లేదేం? నున్నగా ఉందే?" అని అడిగాడు.

"మూలపురుషుల తల అలాగే ఉంటుంది బాబాయ్. చుక్కలు, గీతలు తరవాత పట్టిన మరకలు."

పలకాయనకి ఈ శాస్త్రం బాగా నచ్చింది. తనకి అర్థం కాలేదు గనక నిజమే అయ్యుంటుందనుకున్నాడు. తీర్పు చెప్పాడు. చుక్కతలలు ఎడమ మూలకి, గీతతలలు కుడి మూలకి. గుడ్ల దగ్గరికి ఎవరూ పోకూడదు.

"తల్లినండీ!" అంది మాణిక్యం. "నేను కూడానా?"

"నువ్వూ మీసం తుడుచుకున్నావు. తల్లి తినదని ఎక్కడుంది? కాపలాకి రాయుణ్ణి పెడుతున్నాను. ఏ జట్టుకీ చెందనివాడు."

దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది. మాణిక్యం కుడి మూలనుంచి గుడ్ల వైపు చూస్తూ ఉండిపోయింది.

గుడ్లు తగ్గుతూనే ఉన్నాయి. ప్రతిసారీ గీతతలలు చుక్కతలల్ని తిట్టాయి, చుక్కతలలు గీతతలల్ని తిట్టాయి. మేత పడితే ఎవరి మూలలో వాళ్ళు తిన్నారు. ఎవరైనా మూతి ఆడిస్తే ఏం నములుతున్నావని అడిగారు. ఒకే చోట ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి కునికే జాతి, ఇప్పుడు ఒంటికి ఒళ్ళు తగలకుండా కన్ను తెరుచుకునే కునుకుతోంది.

రాయుడికి మాత్రం పొట్ట గుండ్రంగా, మీసం నిటారుగా ఉంది.

ఒక మధ్యాహ్నం గాలిగుక్క వేళయింది. గీతతలల్లో ఒకరు లేచారు. గీతతలలన్నీ లేచాయి. చుక్కతలలు పంతం పట్టి కదలకూడదనుకున్నాయి. పంతం తలలో ఉంది, తోకలో లేదు. అవీ లేచాయి.

నీటి అంచున మాణిక్యం మూతి, సూరీడమ్మ మూతి పక్కపక్కన తేలాయి.

"ఇటు చూడకు," అంది సూరీడమ్మ.

"ఎవరు చూశారు? గాలి మింగుతున్నాను."

"నేనూ అంతే."

కాసేపు ఇద్దరూ బుడగలు వదిలారు.

"మీవాళ్ళంతా వచ్చారా పైకి?" అంది మాణిక్యం.

"రాకేం చేస్తారు? మీవాళ్ళు లేచారుగా. మీవాళ్ళో?"

"వచ్చారు. భద్రయ్య మావ కూడా వచ్చాడు, పాపం ఎటూ కానివాడు."

"తల్లో గొడవలున్నా ఊపిరి మాత్రం అందరికీ ఒకేసారి అయిపోతుందే!" అంది సూరీడమ్మ. నవ్వబోయి, పోట్లాటలో ఉన్నామని గుర్తొచ్చి ఆపుకుంది.

మాణిక్యం నవ్వలేదు. ఏదో ఆలోచిస్తోంది. "ఒదినా, మీరంతా ఇక్కడే ఉన్నారు. మేమంతా ఇక్కడే ఉన్నాం. కిందటి గుక్కకి వెళ్ళొచ్చేసరికి కూడా గుడ్లు పోయాయి. అంతకుముందూ అంతే. మరి ఇప్పుడు కింద ఎవరున్నట్టు?"

కోరీలకి తల వంచకుండానే కన్ను కిందికి తిప్పే విద్య ఒకటుంది. ఇద్దరూ కళ్ళు తిప్పారు. అడుగున, ముందువైపు గాజు దగ్గర, రాయుడు ఉన్నాడు. దవడ ఆడుతోంది.

"కాపలా కాస్తున్నాడు," అంది సూరీడమ్మ నెమ్మదిగా.

"నములుతూనా?"

సూరీడమ్మ ఒంటిమీది పెంకులు బిగుసుకున్నాయి. "ఆగాగు. వాడు వచ్చింతర్వాత ఒక్కసారన్నా మనతో గుక్కకి లేచాడా?"

"లేవలేదు. అడిగితే, పెద్దింటివాళ్ళు బయటి గాలి తినరన్నాడు."

"మనవాడైతే లేవకుండా ఉండగలడా? ఇందాక నేను ఎంత బిగబట్టాను! తోక ఊరుకుందా?"

"నా తల చూసి నన్ను అనుమానించావొదినా."

"నువ్వు నన్ను అనుమానించలేదా ఏంటి? సర్లే, ఏడుపు తరవాత. పలకాయనకి చెబుదామా?"

"చెబితే, తను పెట్టిన కాపలావాడు దొంగని ఒప్పుకుంటాడా? పెద్దమనుషులకి మేత మింగడమే వచ్చు, మాట మింగడం రాదు."

"అయితే మనమంతా కలిసి కుమ్మేద్దాం."

"వాడి రెక్కకి ముల్లుంది. ఒళ్ళు మనకి రెండింతలైంది." మాణిక్యం కన్ను మళ్ళీ కిందికి తిప్పింది. "నా పిల్లలే కదా ఆ ఒళ్ళు."

ఏమీ తోచక, ఎవరి మూలకి వాళ్ళు శత్రువుల్లాగే దిగారు.

ఆ సాయంత్రమే ఫొటో స్టూడియో ఏసుబాబు గడ్డానికి వచ్చాడు. మొహమంతా నురగ పులుముకుని తొట్టి వంక చూశాడు. కుర్చీ తొట్టికి దగ్గర గనక కుడి మూలలో ఉన్న మాణిక్యానికి ప్రతి మాటా వినపడింది. రాయుడు ఆ వేళ గాలి మోటారు గొట్టం కింద కునుకుతున్నాడు. అక్కడ బుడగల మోతలో ఏమీ వినపడదు.

"నీ తొట్టి అడుగు ఎంత శుభ్రంగా ఉందయ్యా వీరబాబూ! మాది మేత మేట వేసి కంపు కొడుతోంది."

"మీసాల చేపలేసుకో. ఊడ్చి పెడతాయి."

"వేశాను. మా ఆస్కారుగాడు ఉన్నాడుగా, అరచెయ్యంత చేప, తెచ్చినవాటిని తెచ్చినట్టు మింగేశాడు. అయినా ఇంకొకటియ్యి. కాస్త పెద్దది చూసియ్యి, వాడి నోటికి పట్టకుండా ఉంటుందేమో."

"రేప్పొద్దున్న రా. పట్టిస్తాను. గడ్డం కదపకు."

మాణిక్యం లెక్క చూసుకుంది. రేపు వల దిగుతుంది. వలకి చుక్కా తెలీదు, గీతా తెలీదు. తమలో ఎవరో ఒకరు ఆస్కారు నోట్లోకి పోతారు.

తరవాతి గుక్క దగ్గర సూరీడమ్మకి చెవిలో చెప్పింది. సూరీడమ్మ బుడగ వదల్డం మర్చిపోయింది.

"మనలో ఒకళ్ళు పోవాల్సిందేనా?"

"పోవాల్సినవాడు పోతే?"

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఆ తరవాత కిందికి దిగుతూనే సూరీడమ్మ గొంతెత్తింది. సగం తొట్టి ఉలిక్కిపడింది.

"నేనే వెళ్తాను! మేలిజాతి నాదే!"

"నువ్వెలా వెళ్తావు? విన్నది నేను!" అని మాణిక్యం కూడా అరిచింది.

"విన్నంత మాత్రాన గీతతల చుక్కతల అయిపోద్దా?"

రాయుడు కునుకు మాని వచ్చాడు. "ఏంటమ్మా గొడవ?"

"నీకెందుకు?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

నీకెందుకు అనే మాటంత రుచైన ఎర ఇంకోటి లేదు. రాయుడు పలకాయన్ని పిలుచుకొచ్చాడు. పలకాయన దిగి, చెప్పి తీరాలన్నాడు. మాణిక్యం ఇష్టం లేనట్టు చెప్పింది. చెప్పిన ప్రతి మాటా నిజమే. "స్టూడియో ఏసుబాబు గారింట్లో పెద్ద తొట్టి ఉందిటండి. అడుగున మేత మేట వేసిపోయిందిట, తినే దిక్కు లేక కుళ్ళుతోందిట. రేప్పొద్దున్న మీసాల వాళ్ళలో ఒకళ్ళని పట్టికెళ్తారుట. పెద్దదీ, మంచిదీ కావాలన్నాడు."

"అంటే మేలిజాతి," అంది సూరీడమ్మ. "అంటే చుక్కతల. అంటే నేను."

రాయుడు వెంటనే నమ్మలేదు. దొంగకి లోకమంతా దొంగలే. మాణిక్యాన్ని పక్కకి పిలిచి, "తల్లివి. గుడ్లొదిలేసి పోతానంటున్నావా? ఇందులో ఏదో ఉంది," అన్నాడు.

మాణిక్యం గాజు వంక చూసింది. మిగిలిన గుడ్లని వేళ్ళున్నవాళ్ళు ఒక చేతి వేళ్ళ మీద ఎంచొచ్చు. "ఇక్కడ నాకేం మిగిలింది రాయుడూ?" అంది. ఆ మాటలో నటన లేదు. అందుకే రాయుడు దాన్ని నమ్మాడు. నమ్మి, తనూ గుడ్ల వంక చూశాడు. నిజమే, తనకి మాత్రం ఇక్కడ ఏం మిగిలింది? అక్కడ మేత మేటలు వేసుందిట. పైగా వీళ్ళిద్దరూ ఇంతలా కొట్టుకుంటున్నారంటే అది ఉత్త చోటు కాదు.

"అయ్యగారూ," అన్నాడు రాయుడు, పలకాయన ముందుకొచ్చి, "పోయేది మన తొట్టి పరువు. ఎవరిని పడితే వాళ్ళని పంపితే రేపు మీకే మాటొస్తుంది. మీసాల జాతికి అసలు గుర్తు తల కాదండి. మీసం."

"మొన్న తలన్నావు, ఇవాళ మీసమంటున్నావు, రేపు తోకంటావా?" అంది సూరీడమ్మ.

"శాస్త్రం పెరుగుతూ ఉంటుందమ్మా," అన్నాడు పలకాయన గంభీరంగా. "కానియ్యి రాయుడూ, చెప్పు."

"ఎవరి మీసం పొడుగైతే వాళ్ళు మేలిజాతి. కొలిపించండి."

"అన్యాయం!" అంది మాణిక్యం.

"ఘోరం!" అంది సూరీడమ్మ. "మీసం వీరబాబు దగ్గర పెంచుకున్నదేమో ఎవరికి తెలుసు?"

"వీరబాబు దగ్గర మీసం పోవడమే గానీ పెరగడం ఎవరైనా చూశారా?" అన్నాడు రాయుడు.

కొలిపించారు. భద్రయ్య మీసం మూతి దాటలేదు. సూరీడమ్మది కంటిదాకా రాలేదు. రాయుడు మీసం వెనక్కి వాల్చి చూపిస్తే తోక మొదలుదాకా వచ్చింది.

"ఈ తొట్టిలో నిఖార్సయిన కోరీ రాయుడొక్కడే," అని పలకాయన తీర్పిచ్చాడు. "మిగతావాళ్ళంతా పోలికలున్నవాళ్ళు."

సూరీడమ్మ కుమిలిపోతున్నట్టు ఇసకలో మొహం దూర్చింది. నవ్వు కనపడకుండా ఉండటానికి ఇసకని మించింది లేదు.

పొద్దున్నే వీరబాబు షట్టరు ఎత్తాడు. ఏసుబాబు వచ్చాడు. నీళ్ళలోకి పచ్చటి వల దిగింది.

కోరీలు రెండు మూలలా నక్కాయి. మామూలుగా వల చూస్తే రాయుడూ నక్కేవాడే. ఇవాళ మీసాలు బారచాపుకుని, పెళ్ళివారు ఎదురొచ్చినట్టు వల ముందుకొచ్చి నిలబడ్డాడు.

"జాగ్రత్తయ్యా," అన్నాడు పలకాయన పైనుంచి. "మన పేరు నిలబెట్టు."

"మీరు నిశ్చింతగా ఉండండి," అని రాయుడు తనే వల్లోకి ఈదాడు.

వీరబాబు వల పైకెత్తి వెలుతురులో చూసి కనుబొమలు ముడిచాడు. "ఇదేంటి ఏసుబాబూ, జెల్లలా ఉందే! కాలవ జెల్ల!"

"మీసాలున్నాయిగా?"

"ఉన్నాయి, బారెడు."

"పెద్దగా కూడా ఉంది. ఇదే ఇచ్చెయ్. ఏ జెల్లయితేనేం, మా ఆస్కారుగాడు జాతులడుగుతాడా ఏంటి? పోయినసారి తెచ్చినవాటినేమన్నా అడిగి మింగాడా?"

నీళ్ళు నింపిన పాలిథిన్ సంచిలో రాయుడికి ఆ మాట స్పష్టంగా వినపడింది. మోటారు మోత లేదు మరి. వెనక్కి తిరిగాడు. వెనకా సంచే. పక్కకి తిరిగాడు. పక్కా సంచే.

"అయ్యా! నేను కోరీని కాదు!" అని అరిచాడు. "జెల్లని! కాలవ జెల్లని! నన్ను కాలవలో పారెయ్యండి! అచ్చమైన జెల్లని బాబో!"

మనుషులకి ఆ అరుపు బుడగల్లా కనపడింది. తొట్టిలోవాళ్ళకి మాటలే వినపడ్డాయి.

"ఏమంటున్నాడు?" అన్నాడు భద్రయ్య, కప్ప పక్కనుంచి లేచి.

"వచ్చింతర్వాత మొదటిసారి నిజం చెబుతున్నాడు మావా," అంది సూరీడమ్మ.

పలకాయన మెచ్చుకోలుగా తలూపాడు. "చూశారా? మేలిజాతి వాళ్ళకి ఎంత వినయమో!"

ఏసుబాబు సంచిని స్కూటరు హ్యాండిలుకి తగిలించుకుని వెళ్ళిపోయాడు.

కోరీలు ఎవరూ చెప్పకుండానే మూలలు వదిలారు. గీతతలలు, చుక్కతలలు, ఎటూ కాని భద్రయ్య, అందరూ ముందువైపు గాజు దగ్గర ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి గుడ్ల చుట్టూ దడి కట్టారు. గాలిగుక్కకి లేచినప్పుడు మాణిక్యం ఒక్కతీ కిందే ఉండిపోవాలని బిగబట్టింది. ఆమె తోకా ఊరుకోలేదు. అయినా ఈసారి దిగొచ్చి చూసుకుంటే గుడ్లు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. మిగిలిన ఆ కొద్దిగుడ్లూ పగిలి, కనురెప్ప వెంట్రుకలంత పిల్లలు ఇసకలో దూరాయి.

పిల్లల తలల మీద ఇంకా చుక్కా లేదు, గీతా లేదు. "పెద్దయ్యాక ఏమవుతాయో," అని ఒక గీతతల గొణిగింది. "ఊపిరాడితే చాలు, పడుండవే," అంది మాణిక్యం. మొన్న నేను పేపరు అడ్డం పెట్టుకుని చూసినప్పుడు అవి నీటి అంచుదాకా లేచి, గుక్క తీసుకుని, అన్నీ ఒకేసారి దిగాయి.

నీతి: మీసం తనే కొలిచి చూపించుకునేవాడు, వల ఎక్కడ పన్నాలో తనే చోటు చూపిస్తాడు.